జకార్తాలో స్వర్ణం తెచ్చిన హైదరాబాద్ బడిపంతులు
ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం

శనివారం పొద్దున్నే అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏ ఊరికి వెళ్లినా ఒకటే దృశ్యం. మినీవ్యాన్ల డిక్కీల్లో మడత కుర్చీలు, నీళ్ల సీసాలు, నారింజ తొనల డబ్బాలు, మోకాళ్ల దాకా సాక్సులు వేసుకున్న పిల్లలు. క్రికెట్ మనం తెచ్చుకున్న ఆట, సాకర్ మన పిల్లలు ఇక్కడ నేర్చుకున్న ఆట అని చాలామంది తల్లిదండ్రుల లెక్క. మేముండే టెక్సాస్‌లోనూ అదే మాట వింటుంటాను. పదేళ్లలోపు పిల్లల జట్టుకు వారాంతాల్లో వలంటీర్ కోచ్‌గా సాయం చేస్తుంటాను కాబట్టి, ఫుట్‌బాల్ మనది కాదన్న మాట ఎప్పుడు వినబడినా ఒక పేరు చెబుతాను. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో బడిపంతులు. భారతదేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో రెండు స్వర్ణాలు తెచ్చిన కోచ్.

సినిమా పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు కొందరికి తెలుసు. అజయ్ దేవగణ్ రహీంగా నటించిన హిందీ చిత్రం ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో విడుదలైంది. నేను సికింద్రాబాద్‌లో పెరిగాను. మా నాన్నగారి తరం వాళ్లు ఆయన్ని రహీం సాబ్ అనే అనేవారు, పూర్తి పేరుతో పలికినవాళ్లు తక్కువ. తెర మీద చూసినదానికంటే ఆయన అసలు జీవితం సాదాసీదాగా ఉంటుంది. అందుకే మన పిల్లలకు మరింత దగ్గరగా అనిపిస్తుంది.

పాఠాలు చెప్పే చేత్తోనే...

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. తర్వాత కాలేజీ విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఎలెవెన్ హంటర్స్ జట్టులో కొనసాగారు. డిగ్రీ పూర్తయ్యాక ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులతో సహా నగరంలో పలుచోట్ల పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసే దాకా ఆ పదవిలో ఉన్నారు. మధ్యలో నిజాం రాజ్యం పోయింది, 1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పాలకులు మారారు, జెండాలు మారాయి, సరిహద్దులు మారాయి. సాయంత్రం పూట మైదానంలో పిల్లలతో బంతి ఆడించే మనిషి మాత్రం మారలేదు.

ఆయన కోచింగ్‌లో ముందు కనిపించేది పంతులే. చెయ్యలేని పనిని చేయించడానికి పంతులు ఏం చేస్తాడు? ఆ పని తప్ప మరో దారి లేకుండా ఒక అభ్యాసం పెడతాడు. రహీం అదే చేశారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే, ఎడమకాలి వాళ్లు కుడికాలితోనే ఆడాలనే నియమంతో టోర్నమెంట్లు పెట్టారు. బంతిని కాళ్ల మధ్య దాచుకుని ఒక్కడే ముగ్గుర్ని దాటుకుపోవడం ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు మహా సరదా. అలా డ్రిబ్లింగ్ చేయకూడదు, అందుకున్న బంతిని వెంటనే పక్కవాడికి ఇవ్వాలి అనే షరతుతో మరో రకం పోటీలు నడిపారు.

వాటం లేని కాలితో ఆడే ఆటను నేను మా పిల్లల జట్టుతో చేయించి చూశాను. మొదటి పది నిమిషాలు నవ్వులే నవ్వులు. బంతి ఒకవైపు, కాలు ఒకవైపు. కాసేపటికి ఒక సంగతి బయటపడింది. రోజూ బాగా ఆడే పిల్లాడికి, వెనకబడ్డ పిల్లాడికి మధ్య తేడా దాదాపు మాయమైపోయింది. ఎవరూ ఒంటరిగా దూసుకుపోలేరు కాబట్టి పక్కవాడి వైపు చూడక తప్పదు. ఖర్చు లేదు, సామగ్రి లేదు. డెబ్బై ఎనభై ఏళ్ల కిందట ఒక బడిపంతులు చేసిన ఈ ఆలోచన ఇవాళ్టి ఏ సాకర్ అకాడమీకైనా పనికొస్తుంది.

పోలీసు జట్టు, గెలుపుల వరస

దేశానికి రహీం పేరు తెలిసింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో. అప్పట్లో భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. వాటి ముందు నిలబడటమే గొప్ప. అలాంటి రోజుల్లో దక్కన్ నుంచి వెళ్లిన పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్‌ను వరుసగా అయిదేళ్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్‌లోనూ జెండా ఎగరేసింది. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన తొలి డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. 1956-57, 1957-58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ కూడా వరుసగా హైదరాబాద్‌కే వచ్చింది.

ఈ విజయాల వెనక డబ్బున్న క్లబ్బులు లేవు. గల్లీల్లో, కంటోన్మెంట్ మైదానాల్లో ఆడే పేదింటి పిల్లలున్నారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ అందుకు ఉదాహరణ. బూట్లు కొనుక్కునే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర బూట్లు తయారు చేయించుకున్నాడని చెబుతారు. ఆ కుర్రాడి ఆట రహీం కంటపడింది. సెలక్షన్లకు రమ్మన్నారు. సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్‌కు రోజూ రానూపోనూ డబ్బుల్లేవని తెలిస్తే ఆ ఏర్పాటూ తానే చూశారు. ఆ కుర్రాడే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ ముగ్గురినీ కలిపి చెప్పుకోకుండా భారత ఫుట్‌బాల్ చరిత్ర రాయడం ఇవాళ్టికీ కుదరదు.

వట్టికాళ్ల నుంచి బూట్ల దాకా

1950 నుంచి రహీం జాతీయ జట్టు కోచ్. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి మ్యాచ్‌లో ఇండోనేసియాను, తర్వాత అఫ్గానిస్థాన్‌ను మూడేసి గోల్స్‌తో ఓడించి భారత్ ఫైనల్ చేరింది. అక్కడ మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం అందుకుంది. కోచ్‌కు అది మొదటి పెద్ద పతకం.

మరుసటి ఏడాదే నేల మీదకు దించే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. మన ఆటగాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. మన ఎండలో, మన నేల మీద అది నడిచింది. ఫిన్లాండ్ చలిలో, తడి గడ్డి మీద, బూట్లు వేసుకున్న యూరప్ ఆటగాళ్ల ముందు నడవలేదు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అని ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది.

పది గోల్స్ తిన్న కోచ్‌ను పక్కన పెట్టడం ఏ దేశంలోనైనా మామూలే. రహీం కొనసాగారు. కొనసాగడమే కాదు, ఆటను కొత్తగా ఆలోచించారు. ఆ కాలంలో సెంటర్ ఫార్వర్డ్ అంటే ప్రత్యర్థి గోల్ ముందు నిలబడేవాడు. అతణ్ని కొంచెం వెనక్కి రప్పిస్తే, అతణ్ని కాపలా కాసే డిఫెండర్ కూడా వెంట వస్తాడు. ఆ డిఫెండర్ వదిలిన ఖాళీలోకి పక్కనున్న ఫార్వర్డ్‌లు దూరిపోవచ్చు. ఇదే ఎత్తుతో హంగరీ 1953లో ఇంగ్లండ్‌ను వెంబ్లీలో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. మన రహీం దాదాపు అదే సమయంలో ఆసియా టోర్నీల్లో దాన్ని ప్రయోగించి చూశారు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ పేరుతో ప్రసిద్ధమైన 4-2-4 పద్ధతి వైపు కూడా ఆయన ముందే అడుగులేశారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో భారత్ ఆస్ట్రేలియాను వాళ్ల సొంతగడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో యుగొస్లావియాపై మొదటి గోల్ కూడా మనదే. చివరికి 4-1తో ఓడాం, కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం.

అమెరికాలో ఉంటున్న మనకు ఇక్కడ ఒక చిన్న సంగతి ఆసక్తిగా ఉంటుంది. అదే ఒలింపిక్స్‌లో, అదే యుగొస్లావియాతో అమెరికా జట్టు కూడా తలపడింది. ఫలితం 9-1. ఈ లెక్క చెప్పినప్పుడు మా జట్టు పిల్లల తండ్రుల్లో ఒకాయన, ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికన్, నమ్మలేక ఫోన్ తీసి చూసుకున్నాడు.

ఆ భారత జట్టులో హైదరాబాద్ వాళ్లు ఎంతమందో! బలరామ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్. ఒక నగరపు గల్లీల నుంచి సగం జట్టు లేచినట్టు ఉంటుంది ఆ జాబితా. నాలుగేళ్ల తర్వాత రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగరీతో 2-1తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమం చేసుకుంది, పెరూతో 3-1తో ఓడింది. హంగరీ మీదా, పెరూ మీదా మన గోల్ కొట్టింది బలరామే. ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడలేదు.

ఆగ్నేయాసియాతో మన లెక్క

2025 జనవరిలో ఆగ్నేయాసియా దేశాల ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్‌ను వియత్నాం గెలిచింది. మా ఆఫీసులో పనిచేసే వియత్నాం మిత్రులు సోమవారం పొద్దున కేకు తెచ్చారు. థాయ్‌లాండ్ మిత్రుడొకడు ఓడినందుకు ముఖం మాడ్చుకుని, కేకు మాత్రం రెండు ముక్కలు తిన్నాడు. ఆ టోర్నీ 1996లో మొదలైంది. థాయ్‌లాండ్ ఏడుసార్లు, వియత్నాం మూడుసార్లు గెలిచాయి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో, కాలిఫోర్నియాలో ఉండే ఆ దేశాల కుటుంబాలకు అది మన క్రికెట్ వరల్డ్‌కప్ లాంటిది. టైమ్ తేడా లెక్కచేయకుండా తెల్లవారుజామున లేచి చూస్తారు.

భారత్ ఆ చాంపియన్‌షిప్‌లో లేదు. మన ప్రాంతం వేరు. కానీ 1950లలో, 60లలో మన జట్టు పేరు తెచ్చుకుంది ఆ గడ్డ మీదే. కౌలాలంపూర్‌లో మలయా స్వాతంత్ర్యం పేరుతో మొదలైన మెర్డెకా కప్‌లో 1959లో మనది రెండో స్థానం. ఆ నేల మీద ఆడిన అన్ని ఆటల్లోకి పెద్దది 1962లో జకార్తాలో జరిగింది.

లక్షమంది ఎదురుగా

1962 ఆసియా క్రీడలకు వెళ్లేటప్పటికే రహీం ఆరోగ్యం దెబ్బతింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్లు బాగా తాగేవారు. ఆ సంగతి దాచి చెప్పడం వల్ల ఆయన గొప్పతనం పెరగదు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. రెండో మ్యాచ్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం కానీ డిఫెన్స్‌కు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరాం.

మైదానం బయట పరిస్థితి మరీ ఘోరం. ఆతిథ్య దేశం ఇండోనేసియా, ఇజ్రాయెల్‌కు, తైవాన్‌కు వీసాలు ఇవ్వలేదు. ఆసియా క్రీడల సమాఖ్యలో పెద్ద పదవిలో ఉన్న భారతీయుడు జి.డి. సోంధీ దీన్ని తప్పుపట్టారు. ఈ పోటీలను ఆసియా క్రీడలుగా గుర్తించకూడదన్నారు. దాంతో జకార్తాలో మనవాళ్ల మీద కోపం రేగింది. గుంపులు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేశాయి. మన జట్టు ప్రయాణించే బస్సు మీద జెండా తీసేయాల్సి వచ్చిందని, లోపల ఆటగాళ్లు తలలు వంచుకుని కూర్చోవాల్సి వచ్చిందని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పుకునేవారు.

అలాంటి స్థితిలో రహీం తీసుకున్న ఒక నిర్ణయం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తలకు కుట్లున్న జర్నైల్‌ను ఇంటికి పంపలేదు, బెంచీ మీద కూర్చోబెట్టనూ లేదు. డిఫెండర్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఇవాళ మన పిల్లల లీగుల్లో తలకు చిన్న దెబ్బ తగిలినా వెంటనే బయటికి పంపి, డాక్టర్ కాగితం ఇచ్చేదాకా ఆడనివ్వం. అది సరైన నియమం. ఆ రోజు జకార్తాలో జరిగింది పిల్లలకు ఆదర్శంగా చెప్పను. అయితే ఎత్తుగడగా చూస్తే దాని పదును తెలుస్తుంది. ప్రత్యర్థులు ఆ స్థానంలో అలాంటి ఆటగాడిని ఊహించలేదు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. చునీ రెండు గోల్స్ కొడితే మూడోది జర్నైల్‌ది.

ఫైనల్‌కు ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. రహీం వాళ్లను పిలిచి తనకు ఒక్క కానుక కావాలని అడిగారట. మర్నాటి బంగారు పతకమే ఆ కానుక. ఆయన ఒంట్లో ఏముందో ఎందరికి తెలుసో గానీ, ఆ మాట ఆ జట్టులో అందరికీ జీవితాంతం గుర్తుండిపోయింది.

సెప్టెంబర్ 4. సెనయాన్ స్టేడియంలో సుమారు లక్షమంది. మన జాతీయగీతం వినిపించనంతగా ఈలలు, కేకలు. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన కొరియాయే. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ నుంచి లేచి బరిలో దిగాడు. లెఫ్ట్ బ్యాక్ త్రిలోక్ సింగ్ గాయపడ్డ కాలితో ఆడాడు. ఆ లక్షమందిలో మన పక్షాన అరిచిన చిన్న గుంపు ఒకటి ఉంది. అది పాకిస్తాన్ హాకీ జట్టు. పతకాల వేటలో బద్ధవిరోధులు, ఆ సాయంత్రం మాత్రం పరాయి ఊళ్లో మనవాళ్లకు తోడు నిలబడ్డారు. విదేశాల్లో ఉండే మనకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పొరుగు దేశపు కిరాణా కొట్టే మన కొట్టయిపోయిన అనుభవం అందరికీ ఉన్నదే.

17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్, ఆ కుట్లున్న మనిషే, రెండోది కొట్టాడు. కొరియా చివర్లో ఒకటి వెనక్కి తెచ్చుకుంది. 2-1. స్వర్ణం మనది. అడిగిన కానుక పంతులుగారికి దక్కింది.

తొమ్మిది నెలల తర్వాత

రహీం మళ్లీ జాతీయ జట్టుతో విదేశీ టోర్నీకి వెళ్లలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు. 2026 ప్రపంచకప్‌కు ఫిఫా నిర్ణయించిన ఆరంభ తేదీ కూడా జూన్ 11 కావడం కాకతాళీయమే. ఆ కప్పు ఆతిథ్య నగరాల జాబితాలో డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, సియాటిల్, న్యూజెర్సీ, బే ఏరియా చూసినప్పుడు తెలుగు సంఘాల చిరునామాల పుస్తకం తిరగేసినట్టే అనిపించింది నాకు.

ఆయన శిష్యుల్లో పీకే, బలరామ్, చునీ, జర్నైల్, యూసుఫ్ ఖాన్, తంగరాజ్ అర్జున అవార్డులు అందుకున్నారు. గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో, అంటే ఆయన పోయిన 22 ఏళ్లకు. 1964లో బ్రెజిల్‌లో శిక్షణకు వెళ్లిన అల్బర్టో ఫెర్నాండో అనే మన కోచ్, అక్కడ నేర్పుతున్నది తాను 1956లోనే రహీం దగ్గర నేర్చుకున్నానని తిరిగొచ్చి చెప్పాడు. పురస్కారాల కంటే ఆ మాట బరువైనది.

కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తర్వాత కోచ్, రిఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో మరణించారు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. జకార్తాలో ఆడినవాళ్లు ఒక్కొక్కరుగా తరలిపోతున్నారు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్, కోచ్‌లలో ఒకరు పీకే బెనర్జీ. రహీం వేసిన పునాది అంతదాకా మోసింది. తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకం లేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు సందడి జరిగింది, మూడో రోజు ఐపీఎల్ మాటలే.

ఆయన మనవాడేనా?

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి కారణం. మా ప్రాంతంలో తెలుగువాళ్ల వేసవి క్రీడోత్సవం జరుగుతుంది. క్రికెట్, వాలీబాల్, త్రోబాల్, క్యారమ్స్ ఉంటాయి. పిల్లల సాకర్ పోటీ కూడా పెట్టి దానికి రహీం పేరు పెడదామని నేను ప్రతిపాదించాను. సాకర్‌కు అందరూ సరేనన్నారు. పేరు దగ్గర ఒక పెద్దాయన మర్యాదగానే ఒక ప్రశ్న వేశారు. ఆయన తెలుగువాడు కాదు కదా, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి కదా అన్నారు. ప్రశ్నలో ద్వేషం లేదు. మనలో చాలామంది మనసులో ఉండే ప్రశ్నే అది.

నా జవాబు ఇది. ఆయన పుట్టింది హైదరాబాద్‌లో, చదివింది ఉస్మానియాలో, పాఠాలు చెప్పింది కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో. ఆయన క్లాసుల్లో, జట్టుల్లో ఉర్దూ, తెలుగు, తమిళం, మరాఠీ మాట్లాడే పిల్లలు కలిసే ఉన్నారు. అమ్ముగూడ పిల్లాడికి రానూపోనూ డబ్బులు చూసినప్పుడు ఆయన ఇంటిభాష అడగలేదు. మన పిల్లలు ఇక్కడ పుట్టి, ఇంట్లో సగం తెలుగు, బయట నిండా ఇంగ్లిష్ మాట్లాడుతూ పెరుగుతున్నారు. రేపు వీళ్లలో ఒకరు అమెరికా జెర్సీ వేసుకుంటే మనవాడే అని మనం పండగ చేసుకుంటాం. అప్పుడు భాష అడ్డం రాదు. మన నగరంలో పుట్టి, మన మైదానాల్లో బతుకంతా గడిపిన మనిషికి మాత్రం ఎందుకు అడ్డం రావాలి?

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచిద్దాం అన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. పేరు పెడతారో లేదో నాకు తెలియదు. పెట్టకపోయినా పోటీ జరుగుతుంది, అందులో ఒక ఆట మాత్రం నా చేతిలో ఉంది. వాటం లేని కాలితో ఆడే ఆట. కుడికాలి పిల్లలు ఎడమకాలితో, ఎడమకాలి పిల్లలు కుడికాలితో. మీ ఊళ్లో, మీ పార్కులో కూడా ఒక శనివారం ఆడించి చూడండి. పిల్లలు ఇదెక్కడి ఆట అని అడుగుతారు. కనిపెట్టిన పంతులుగారి పేరు, ఆయన ఊరి పేరు చెప్పండి.